సుద్దముక్క సిగరెట్టు

మా స్టూడియోలో ఉన్నది ఒకటే సిగరెట్టు. అది కూడా సుద్దముక్క. బడిలో బోర్డు మీద రాసే సుద్దను సన్నగా అరగదీసి, చివర ఎర్ర పెన్సిలు రుద్ది, పాత సబ్బు పెట్టెలో దూది పరిచి దాచేవాళ్ళం. ఫోటోకు వచ్చినవాడు దాన్ని వేళ్ళ మధ్య పెట్టుకునేవాడు. అయిపోయాక మళ్ళీ పెట్టెలోకి పోయేది. ఎంతమంది మూతుల దాకా పోయి వచ్చిందో లెక్కలేదు.

మొదట్లో నిజం సిగరెట్టే ఇచ్చేవాళ్ళట. తల్లాడ నుంచి వచ్చిన ఒకాయన స్టైలుగా చెయ్యి వెనక్కి పెట్టి నిలబడితే వెనకున్న పరదా అంటుకుందట. పరదా మీద జలపాతం బొమ్మ. "అన్ని నీళ్ళుండి కూడ కాలిపాయె భద్రయ్యా" అని మా ఓనరు అహ్మద్ పాషా నాతో చెప్పి నవ్వేవాడు. అప్పటి నుంచి సుద్దముక్క.

సుద్దముక్కకు పొగ రాదు. ఆ పొగ నేను గీసేవాణ్ణి.

సత్తుపల్లి బస్టాండు నుంచి బజారుకు పోయే దారిలో ఉండేది స్టూడియో. ముందు గదిలో కెమెరా, పరదాలు. మధ్యలో ఫోటోలు కడిగే చీకటి గది. వెనక గదిలో కిటికీ పక్కన నా ఏటవాలు బల్ల. బల్ల మధ్యలో ఒక గాజు పలక, దాని కింద అద్దం. అద్దం మీద పడ్డ ఎండ పైకి కొట్టి, గాజు మీద పెట్టిన నెగటివులోంచి వస్తుంది. ఆ వెలుగులో పని. దాన్ని టచింగ్ అంటారు.

నెగటివులో అంతా తిరగబడి ఉంటుంది. తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా. దాని మీద పెన్సిలు పెడితే కాగితం మీద అక్కడ తెల్లబడుతుంది. బ్లేడుతో గీకితే నల్లబడుతుంది. నాకు వచ్చిన విద్య అంతే. మొటిమల గుంటలు, కళ్ళ కింద నలుపు పెన్సిలుతో పూడ్చేవాణ్ణి. మీసం రాని పిలగాళ్ళకు బ్లేడుతో మీసం మొలిపించేవాణ్ణి. పొగకు పెన్సిలే. పెదవి దగ్గర సన్నగా మొదలుపెట్టి, చెంప పక్క నుంచి పైకి తిప్పి, జుట్టు దగ్గర విడగొట్టి వదిలెయ్యాలి. ఎక్కువైతే పత్తి ఏకినట్టు ఉంటుంది.

అవి డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది సంవత్సరాలు. పొగ ఫోటో అంటే పిలగాళ్ళకు పిచ్చి. చండ్రుగొండ నుంచి, తల్లాడ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు. పదిహేను, పదహారు ఏళ్ళు ఉంటాయి. మీసం ఉండదు, జేబులో దువ్వెన ఉంటుంది. "అన్నా, పొగ జర గట్టిగ వెయ్యి" అనేవాళ్ళు. అందులో సగం మంది అప్పటికి సిగరెట్టు ముట్టించి ఎరగరు. ఫోటో చూసుకున్నాక ముట్టించేవాళ్ళు. ఫోటోలో ఉన్నవాడు తాగుతున్నాడు కదా, వీడు తాగకపోతే ఎట్లా? ఈ సంగతి నాకు చాలా ఏళ్ళు తట్టలేదు.

తట్టకపోవడం కూడా కాదు. నేను నేర్చుకున్నదీ అట్లాగే. మాది చండ్రుగొండ అవతల అడవి పక్క పల్లె. ఎండాకాలం మా దగ్గర బీడీలు చుట్టే తునికాకు కొనే కళ్ళం పడేది. అక్కడ లెక్కలు రాసే మున్షీ కిషన్‌లాల్ అని ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే వరసలు కట్టించేవాడు. "బస్తాలు మోసెటోళ్ళు ఇటు, పాలు తాగెటోళ్ళు అటు" అనేవాడు. నాకు పన్నెండేళ్ళు. అటు నిలబడటం సిగ్గయింది. ఎవరో పారేసిన సగం బీడీ నోట్లో పెట్టుకొని ఇటు వచ్చి నిలబడ్డాను. మున్షీ బీడీని చూశాడు, నన్ను చూడలేదు. బస్తా ఎత్తించాడు. నడుము పడిపోయినంత పనైంది గాని బీడీ మాత్రం నోట్లోంచి తియ్యలేదు. అది ఇప్పటికీ తియ్యలేదు.

ఇక సర్వర్ సంగతి.

సర్వర్ అహ్మద్ పాషాకు ఒక్కడే కొడుకు. గ్రహణం మొర్రితో పుట్టాడు. పై పెదవి మధ్యలో చీలి ముక్కు దాకా తెరుచుకొని ఉండేదట. "కడుపుతోని ఉన్నప్పుడు గ్రహణం నాడు మిరపకాయ తుంచిన భద్రయ్యన్నా, నా చేతులతోనే చేసుకున్న" అని వాళ్ళ అమ్మ బద్రున్నీసా అప్పటికీ ఏడ్చేది. రెండేళ్ళప్పుడు ఖమ్మంలో ఒక దవాఖానాలో కుట్టారు. చీలిక పోయింది, గీత మిగిలింది. పెదవి అక్కడ కొంచెం పైకి లాగినట్టు ఉండేది. మాటలో సగం గాలి ముక్కులోంచి పోయేది.

తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. హాజరు పిలిచినప్పుడు వీడు "ప్రెజెంట్ సార్" అంటే, వెనక బెంచీల వాళ్ళంతా ముక్కుతో "ప్రెజెంట్ సార్" అనేవాళ్ళు. రోజూ అదే. ఒకరోజు పేరు పిలిచినా పలకలేదు. మర్నాడు పోలేదు.

ఎప్పుడు చూసినా చేతిరుమాలు, మా దగ్గర దస్తీ అంటారు, నోటికి అడ్డం పెట్టుకొని ఉండేవాడు. తినేటప్పుడు గోడ వైపు తిరిగేవాడు. చీకటి గదిలో మాత్రం దస్తీ జేబులో పెట్టేవాడు. అక్కడ ఎర్ర బల్బు ఒకటే. ఆ గదిలో వాడు మాట్లాడినంత నేను నా జన్మలో మాట్లాడి ఉండను.

"మామా, గీ ఎర్ర లైటుల నేను ఎట్ల కనవడ్త?"

"అందరం ఎర్రగనే కనవడ్తం."

"గట్లయితే ఊరంత ఎర్ర లైట్లు పెట్టిస్తే అయిపాయె."

ఫోటోలు కడగడం వాడికి బాగా వచ్చు. నీళ్ళలో వేలు పెట్టి వేడి ఎంతో చెప్పేవాడు. అయితే ఊరందరి ఫోటోలు ఉన్న ఆ ఇంట్లో వాడి ఫోటో ఒక్కటి లేదు. తండ్రి తీయలేదు, వీడు అడగలేదు.

డెబ్బై తొమ్మిది నవంబరులో అహ్మద్ పాషా పెళ్ళి ఫోటోలకని భద్రాచలం పోయాడు. సర్వర్ నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"మామా, నీకు కెమెరా వత్తుడు వచ్చు గద?"

"వచ్చు."

"నాకొక పొగ ఫోటో తియ్యి."

పెన్సిలు చెక్కుతున్నవాణ్ణి ఆపాను. "మీ అబ్బ వచ్చినంక తీస్తడు."

"అబ్బ తియ్యడు. నన్ను చూడంగనే కెమెరాకు ముసుగేస్తడు."

అది నిజమే. నేను లేచాను. నల్ల పరదా దించాను. వాడు అద్దం ముందు నిలబడి జుట్టు దువ్వాడు, సబ్బు పెట్టె తీశాడు. సుద్దముక్కను వేళ్ళ మధ్య పెట్టుకొని పెదవి దగ్గరకు తెచ్చాడు. రెండు వేళ్ళు సరిగ్గా గీత మీద.

"జర కిందికి" అన్నాను.

"కిందికొద్దు మామా. గిక్కడ్నే ఉండని."

వత్తాను. నెగటివు వాడే కడిగి తెచ్చాడు. కళ్ళు తల్లివి, పెద్దవి. నుదురు బాగుంది. వేళ్ళ పక్కన గీత చివర ఒక్క గోరంత మిగిలింది. అక్కడి నుంచే పొగ మొదలుపెట్టాను. రెండు పూటలు కూర్చున్నాను. అంత మంచి పొగ నేను ముందు గీయలేదు, తర్వాతా గీయలేదు. గీత పొగలో కలిసిపోయింది.

ఫోటో ఆరాక వాడు కిటికీ దగ్గరకు తీసుకుపోయి చాలాసేపు చూశాడు.

"ఇది నేనేనా మామా?"

"నువ్వే."

ఒక్క మాట అన్నాను. తక్కువ మాట్లాడేవాడి మాటకు బరువు ఎక్కువ ఉంటుందంటారు. ఆ ఒక్క మాట అనకపోయినా పోయేది.

ఆ ఫోటోను వాడే బయట అద్దాల పెట్టెలో పెట్టాడు. వారం తిరగకుండానే దారిన పోయేవాళ్ళు ఆగి చూడటం మొదలైంది. "ఎవరీ పోరడు, సినిమా హీరో లెక్కున్నడు" అని ఇద్దరు ఆడపిల్లలు అనుకుంటుంటే నేను విన్నాను. లోపల సర్వర్ కూడా విన్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత కొన్ని రోజులకు బస్టాండు దగ్గర పాన్ డబ్బా ముందు వాణ్ణి చూశాను. చేతిలో దస్తీ లేదు. సిగరెట్టు ఉంది. నిజంది. ఫోటోలో ఉన్నట్టే రెండు వేళ్ళు పెదవి మీద. పక్కన లారీ క్లీనర్ జంపయ్య. ఈ జంపయ్యే నెల కింద వీణ్ణి చూసి "ఏం మొర్రోడా, దస్తీ ఉతికినవా?" అని అరిచినవాడు. ఇప్పుడు "సర్వర్ భాయ్, జర అగ్గిపెట్టె ఇయ్యి" అంటున్నాడు.

సర్వర్ నన్ను చూసి దగ్గరకు వచ్చాడు. చెయ్యి దించలేదు.

"అబ్బకు చెప్తవా మామా?"

నేను తల అడ్డంగా ఊపాను. నా చెవి మీద బీడీ ఉంది, ఏం చెప్తాను?

"దస్తీ ఏది?" అన్నాను.

"దస్తీ అడ్డం పెడితే దాని ఎనక ఏముందా అని అందరు చూస్తరు మామా. సిగరెట్టు పెడితే సిగరెట్టునే చూస్తరు."

మున్షీ కిషన్‌లాల్ గుర్తొచ్చాడు.

"రోజుకెన్ని?"

"ఎవలన్నా ఎదురొస్తే ఒకటి."

"ఊరంత ఎదురొస్తది గదరా."

"అవ్. గందుకే పెట్టె కొంటున్న" అని నవ్వాడు. నవ్వులో దగ్గు కలిసింది. పెదవి పూర్తిగా మూసుకోదు కాబట్టి వాడు గట్టిగా పీల్చాల్సి వచ్చేది. పొగ గొంతులోకి సూటిగా పోయేది.

బద్రున్నీసా ఒకరోజు నాకు టీ తెచ్చి అక్కడే నిలబడింది. "మావాడు బయట తిరుగుతున్నడు భద్రయ్యన్నా. దోస్తులు కూడ అయిండ్రు."

"అవునమ్మా."

"బట్టలు ఉతుకుతుంటే వాసన వస్తది. నాకు తెలుసు. తెల్వనట్టే ఉన్న. ఏమన్నంటే మళ్ళ ఇంట్ల కూసుంటడేమో." గ్లాసు తీసుకొని పోయింది.

చీకటి గదిలో మాత్రం వాడు తాగేవాడు కాదు. అక్కడ ఎదురొచ్చేవాళ్ళు లేరు.

వాడికి ఒక కోరిక ఉండేది. ఆ చీకటి గదిలోనే నాకు చెప్పాడు. పెద్ద దవాఖానాల్లో ఎక్స్‌రే ఫిల్ములు కడిగే పని ఉంటుందట. పది పాసైతే తీసుకుంటారట. "దినమంత చీకటి గదిల ఉండొచ్చు మామా. జీతం సర్కారుది. నా అసుంటోని కోసమే పెట్టిండ్రు ఆ నౌకరి." అందుకని ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష కట్టాలనుకున్నాడు. పాత పుస్తకాలు తెచ్చుకున్నాడు. ఎర్ర బల్బు కిందనే చదివేవాడు. లెక్కలు నోటితో చెప్పుకునేవాడు.

ప్రైవేటు వాళ్ళకు హాల్ టికెట్ మీద ఫోటో ఉండాలి. చెయ్యి అడ్డం లేకుండా, ఎదురుగా చూస్తూ.

డిసెంబరులో అహ్మద్ పాషా కొడుకును స్టూలు మీద కూర్చోబెట్టాడు. మొదటిసారి. ఆయన కెమెరా వెనక నల్లగుడ్డ ముసుగులో తల పెట్టి చాలాసేపు తీయలేదు. వత్తాక కూడా కాసేపు ముసుగులోనే ఉన్నాడు. బయటికి వచ్చి, "భద్రయ్యా, ఇది సర్కారు ఫోటో. టచింగ్ వద్దు" అన్నాడు. అది మా స్టూడియో రూలే. హాల్ టికెట్లకు, పాసులకు పెన్సిలు ముట్టించం.

సాయంత్రం ఆయన నమాజుకు పోగానే సర్వర్ నా బల్ల మీద ఆ నెగటివు పెట్టాడు.

"మామా, ఒక్క గీత."

"వద్దన్నడు గద."

"ఊరందరి మొటిమలు పూడుస్తవు. నాదొక్కటి పూడ్వలేవా? హాల్ టికెట్ అందరు చూస్తరు మామా. బల్ల మీద పెట్టుకొని కూసోవాలె. మళ్ళ అదే ముక్కు మాట, అదే నవ్వుడు. నేను పోను."

పోనంటే పోడు. తొమ్మిదో తరగతిలో చూశాను. నేను గాజు మీద నెగటివు పెట్టాను. పెదవి మీద గీత సన్నగా తెల్లగా వెలుగుతోంది. పెన్సిలు మొన ఇసుక కాగితం మీద సూదిలా అరగదీసి, ఆ వెలుగును చుక్క చుక్కగా పూడ్చాను. పెదవిని రెండు వైపులా సమం చేశాను. లేచేసరికి గీత లేదు.

ఫోటోలు కడిగాక అహ్మద్ పాషా ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఏం జరిగిందో ఆయనకు తెలియకపోదు. నా చేతిపని ఆయన వంద అడుగుల నుంచి గుర్తుపడతాడు. తిడతాడని చూశాను. ఆయన ఆ ఫోటోను చూస్తూ నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఒకటి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, మిగతావి కవరులో వేశాడు. దరఖాస్తు మీద సంతకం పెట్టిన ఆఫీసరు ఫోటోనే చూశాడు, పిల్లవాణ్ణి చూడలేదు.

ఫిబ్రవరిలో సూర్యగ్రహణం పట్టింది. సత్తుపల్లిలో మధ్యాహ్నానికే అంగళ్ళు మూశారు. కడుపుతో ఉన్నవాళ్ళను గదుల్లో పెట్టి తలుపులేశారు. అంతకు ముందు రెండు రోజుల నుంచి గ్రహణం చూడటానికని పనికిరాని నల్ల నెగటివులు అడిగి మరీ తీసుకుపోయారు జనం. ఆ వేళకు బజారులో మనిషి లేడు. సర్వర్ ఒక్కడే రోడ్డు మధ్యలో నిలబడి నల్ల ఫిల్ము కళ్ళకు పెట్టుకొని పైకి చూస్తున్నాడు.

"లోపలికి రారా" అన్నాను.

"గ్రహణం నన్నేం చేస్తది మామా? చేసేది ఎప్పుడో చేసింది గద."

పొద్దు మసకబారింది. కాకులు చెట్లకు చేరాయి. అప్పుడు గమనించాను, వాడి చేతిలో సిగరెట్టు లేదు, నోటికి చెయ్యి లేదు. ఎదురొచ్చేవాళ్ళు లేరు.

మార్చిలో పరీక్షలు. సెంటరు ఊరి చివర బడిలో. మొదటి రోజు వాడితో నేను పోయాను. గేటు దాకా మూడు సిగరెట్లు తాగాడు. గేటు దగ్గర మూడోది పారేసి, దస్తీ తీసి నోటికి పెట్టుకున్నాడు. మళ్ళీ దస్తీ చూడటం చాలా రోజులకు. తొమ్మిదింటికి గంట కొట్టారు. నేను గోడ పక్కన కూర్చొని బీడీ వెలిగించాను.

సగం కాలకముందే బంట్రోతు గేటు దగ్గరకు వచ్చాడు. "సర్వర్ అనే పిలగాని తాలూకు ఎవరన్న ఉన్నరా?"

లోపల సూపరింటెండెంటు గది. కోస్తా వైపు మనిషి, తెల్ల చొక్కా, పేరు వెంకటరామారావు అని బల్ల మీద చెక్క మీద ఉంది. సర్వర్ గోడకు ఆనుకొని నిలబడ్డాడు. దస్తీ మూతి మీద బిగబట్టి ఉంది.

"ఈ అబ్బాయి మీవాడేనా?"

"మావాడే సార్."

"హాల్ టికెట్ మీద ఉన్నది ఎవరు?"

"వీడే సార్."

ఆయన హాల్ టికెట్ నా ముందు పెట్టాడు. "నాకు కళ్ళున్నాయయ్యా. రుమాలు తియ్యమంటే తియ్యడు. తీయించి చూశాను. పెదవి మీద ఇంత గుర్తుంది, ఫోటోలో లేదు. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి రాయడం నేను కొత్తగా చూస్తున్నానా? తొమ్మిదిన్నర దాటితే ఎవర్నీ లోపలికి పంపకూడదు. రూలు."

గోడ మీద గడియారం తొమ్మిదీ పన్నెండు.

సర్వర్ నా వైపు చూడటం లేదు. గేటు వైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ఇంకో క్షణం ఉంటే వాడే పోతాడు. పోయి పాన్ డబ్బా దగ్గర నిలబడతాడు. ఇక ఏ పరీక్షకూ రాడు.

"ఆ గుర్తు నేను తీసిన సార్" అన్నాను.

"తియ్యడమేమిటి?"

"పెన్సిలుతోని. నాది ఫోటోల పని. పెన్సిలు తుడిస్తే మళ్ళ వస్తది. నెగటివు తెస్త. జర వీణ్ణి పోనియ్యకుండ్రి."

బంట్రోతు సైకిలు అడిగి తొక్కాను. స్టూడియో చేరి సంగతి రెండు మాటల్లో చెప్పాను. అహ్మద్ పాషా మొహం తెల్లబోయింది. డబ్బాలోంచి నెగటివు ఆయనే వెతికి తీశాడు. నేను దూది, టర్పెంటు సీసా తీసుకున్నాను. ఆయన సైకిలు వెనక ఎక్కి కూర్చున్నాడు. దారిలో ఒకే మాట అన్నాడు. "నేను చూసి కూడ ఊకున్న భద్రయ్యా."

మేము పోయేసరికి తొమ్మిదీ ఇరవై రెండు. సర్వర్ ఉన్నచోటే ఉన్నాడు. గది గుమ్మానికి బంట్రోతు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

నెగటివు కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాను. "చూడుండ్రి సార్, ఇప్పుడు గీత లేదు." ఆయన లేచి వచ్చి చూశాడు. నేను బల్ల మీద కాగితం పరిచి, నెగటివు పెట్టి, దూదికి టర్పెంటు ముట్టించి పెదవి మీద మెల్లగా రుద్దాను. దూదికి బూడిదరంగు మసి అంటింది. ఒక పూట పని. నాలుగుసార్లు రుద్దేసరికి పోయింది. మళ్ళీ కిటికీకి పట్టాను.

నెగటివులో మొహం నల్లగా ఉంది. పై పెదవి నుంచి ముక్కు దాకా సన్నగా, తెల్లగా, ఎండ కారుతోంది.

సూపరింటెండెంటు నెగటివును చూశాడు. సర్వర్‌ను చూశాడు. వాడు దస్తీ గట్టిగా పట్టుకొని ఉన్నాడు. తండ్రి ఒక అడుగు ముందుకు వేశాడు.

సర్వర్ తనే దస్తీ దించాడు. గోడ దగ్గర నుంచి కిటికీ దగ్గరకు వచ్చి, నెగటివు పక్కనే మొహం పెట్టి నిలబడ్డాడు.

"నేనే సార్" అన్నాడు. ముక్కుతోనే, పక్క గది బెంచీల మీద పరీక్ష రాసేవాళ్ళకు వినపడేట్టు.

ఆయన గడియారం చూశాడు. "ఇరవై ఏడైంది. ఆరో గది. పరుగెత్తు." తర్వాత మా వైపు తిరిగాడు. "కష్టపడి మీరే చెడగొట్టారు కదయ్యా" అన్నాడు. కోపంగా అనలేదు. నేను తల వంచుకున్నాను. అహ్మద్ పాషా కూడా.

పరీక్షలు అయిపోయిన మర్నాడు సర్వర్ నా గదికి వచ్చాడు. చేతిలో ఇంకో నెగటివు. నవంబరులో నేను తీసిన పొగ ఫోటోది.

"ఇది గూడ తుడువు మామా."

"ఎందుకు?"

"కింద ఏముందో చూద్దాం."

నాకు మనసొప్పలేదు. నేను గీసిన వాటిలో మంచి పొగ అది. అయినా దూది తీసుకున్నాను. జుట్టు దగ్గర నుంచి కిందికి తుడుచుకుంటూ వచ్చాను. చెంప పక్క మెలిక పోయింది. పెదవి దగ్గర మబ్బు పోయింది. పొగ కింద పెదవి ఉందా అంటే లేదు. రెండు వేళ్ళు ఉన్నాయి, పక్కన గోరంత గీత, వేళ్ళ మధ్య ఒక పుల్ల ఉంది. అంతే. మొహంలో సగం ఆ ఫిల్ములో పడనే లేదు.

వాడు నెగటివును రెండు చేతులతో అంచులు పట్టుకొని కిటికీకి ఎత్తాడు. నెగటివును అట్లాగే పట్టుకోవాలి, ఒక చేత్తో పడితే వేలి మచ్చ పడుతుంది. చూసి చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"సుద్దముక్క మామా! ఉత్త సుద్దముక్క. ఇందుల నేనేడున్న?"

"వేళ్ళున్నయి గద" అన్నాను.

"అవ్. వేళ్ళు మంచిగున్నయి."

రెండు చేతులూ పైన ఉన్నాయి కాబట్టి నోటికి అడ్డం ఏమీ లేదు. పెదవి ఒక పక్క పైకి పోయి, పై పళ్ళు రెండు కనపడుతున్నాయి. ఎండ మొహం మీద ఉంది. ముందు గదిలోంచి అహ్మద్ పాషా గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. కెమెరా జోలికి పోలేదు. కాసేపు చూసి పోయాడు.

ఆ తర్వాత పొగ ఫోటోలకు వచ్చినవాళ్ళకు నా చూపు ఆనడం లేదని చెప్పాను. చూపు బాగానే ఉండేది. పిలగాళ్ళు ఇంకో స్టూడియో వెతుక్కున్నారు. వాళ్ళ సంగతి నేను ఏం చేయగలను? జూన్‌లో సర్వర్ పాసయ్యాడు. ఎక్స్‌రే పని దొరకడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

సిగరెట్టు మానాడా అంటే, పొగ తుడిచిన రోజే మానలేదు. నెగటివు మీద నేను పెట్టింది నాలుగుసార్లు దూది రుద్దితే పోయింది. వాడి చేతికి పెట్టింది అట్లా పోలేదు. ఆ సాయంత్రమే పాన్ డబ్బా దగ్గర జంపయ్యతో కనిపించాడు. వేళ్ళ మధ్య వెలిగించిన సిగరెట్టు ఉంది. ఏదో వాదం మీద ఉన్నారు ఇద్దరూ. పరీక్షలో లెక్క తప్పా ఒప్పా అనుకుంటా. సర్వర్ గట్టిగా, ముక్కుతోనే మాట్లాడుతున్నాడు. సిగరెట్టు ఉన్న చెయ్యి పక్కకు వేలాడుతోంది. మాటల్లో పడి పైకి ఎత్తడం మరిచిపోయాడు. బూడిద పొడుగై పొడుగై తనంతట తనే రాలిపోయింది. మళ్ళీ పొడుగైంది.

నేను రోడ్డుకు ఇవతల నిలబడి చూశాను. చెవి మీది బీడీ తీసి చేతిలో పట్టుకున్నాను. అగ్గిపెట్టె కూడా తీశాను. వాడి సిగరెట్టు వేళ్ళ దాకా వచ్చి చురుక్కుమంటే దులిపేసి, మాట ఆపకుండానే ఖాళీ చెయ్యి ఆడిస్తూ జంపయ్యకు లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.

నా బీడీ నేను చాలాసేపటికి గాని వెలిగించలేదు.